మూడో కొమ్మ దగ్గర మంచు

అనుమతి లేదు. మళ్ళీ అదే మాట. ఎలా తిప్పి అడిగినా అదే మాట, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో, కౌంటరు వెనక మనిషి తల ఎత్తకుండా చెప్పినట్టు. నా ఫైలు నేను చదువుకోవడానికి నాకు అనుమతి లేదట. అందులో అంకెలు రాసే ప్రోగ్రాము నాది, దానికి పెట్టిన పేరు నాది, అయినా నాకు లేదట. బడి లైబ్రరీలో వెనక మూల, పాత అట్లాసుల బీరువాకీ హీటరుకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. కుడి మోకాలు కాలిపోతోంది, ఎడమ మోకాలు చల్లగా ఉంది. గోడ గడియారంలో రెండు దాటింది. మూడింటికి నాన్నా, అన్నయ్య ఐనరూ సరస్సు అవతలి గుడిసె దగ్గర చేపలు మంచుబండిలోకి ఎక్కించి ఇంటికి బయలుదేరతారు. బయలుదేరే ముందు నాన్న ఫోను తీసి నేను పెట్టిన మంచు పేజీ చూస్తాడు. ఆ పేజీ చూడకుండా ఈ చలికాలం ఎవరూ గడ్డకట్టిన సరస్సు మీద బండి కదిలించలేదు. మూడో కొమ్మ దగ్గర మంచు మందం ఇరవై రెండు అంగుళాలు అని అది చెబుతుంది. నిన్నా ఇరవై రెండే అంది. పోయిన వారం కూడా ఇరవై రెండే అంది. ఆ అంకె ఈ రోజుదో కాదో ఇప్పుడు నాకు తెలియదు, నాకు తెలియదని నాన్నకి తెలియదు.

మధ్యాహ్నం అన్నాల వేళ అనుమానం వచ్చింది. బడి కప్పు మీది మంచు కరిగి చూరు వెంట ధారగా కారుతోంది, రెండో తరగతి పిల్లలు ఆ ధార కింద చేతులు పెట్టి అరుచుకుంటున్నారు, ఒకడి చేతిజోడు మొత్తం తడిసిపోయింది. వెచ్చటి దక్షిణపు గాలి నాలుగు రోజులుగా ఆగలేదు. చూరు ఇలా కారుతుంటే సరస్సు మీది అంకె కదలకుండా ఎలా ఉంది అనుకున్నాను. వచ్చి చూస్తే పేజీ మీద అన్ని అంకెలూ వారం కిందటివే, ఒక్కటీ మారలేదు. పైన మాత్రం ఈ రోజు తేదీ. ఆ తేదీ దానంతట అదే మారుతుంది. ఇదంతా బాల్డర్ బాబాయి మాట వల్ల. చేపల షెడ్డు ఆయనదే, కొమ్మలు పాతించేది ఆయనే. సరస్సు మీద దారి తెలియడానికి స్ప్రూస్ చెట్ల కొమ్మలు నరికి మంచులో వరసగా నిలబెడతారు, ఒక్కో కొమ్మ పక్కన నీళ్ళలోకి మేం మంచు మందం కొలిచే తీగ ఒకటి దించాం, ఆ తీగలు పంపే అంకెలు షెడ్డు కంప్యూటరులో ఫైలుగా పడతాయి. బడి కంప్యూటరు గంట గంటకీ షెడ్డు కంప్యూటరుని పిలిచి, ఆ ఫైలు తెరువు, చివరి వరస చదివి నాకు పంపు అంటుంది. అక్కడి పని ఇక్కడి నుంచి చేయించుకోవడం, అంతే. శీతాకాలం మొదట్లో ఒక రోజు పిలుపు అందక పేజీ ఖాళీగా వచ్చింది. ఊరంతా బాబాయికి ఫోన్లు. ఆయన మా ఇంటికొచ్చి కాఫీ తాగుతూ అన్నాడు, "ఖాళీ పెట్టకే ఎల్వా, జనం బెదిరిపోతారు. అందకపోతే ముందుది పెట్టు. మంచేమన్నా రాత్రికి రాత్రి కాళ్ళొచ్చి పోతుందా." అలాగే అన్నాను. అలాగే రాశాను. అందకపోతే ముందుది పెట్టు. ఒకే ఒక్క వరస. అది ఎంత బాగా పనిచేస్తోందో చూడు.

మూడో కొమ్మ ఏరు కలిసే చోట ఉంటుంది. కింద నీళ్ళు నడుస్తూనే ఉంటాయి, మంచుని అడుగు నుంచి నాకుతాయి, పైకి ఏమీ కనబడదు. మంచుబండి కప్పులో గుండ్రటి తలుపు ఒకటి ఉంటుంది. చిన్నప్పుడు అదెందుకని నాన్నని అడిగితే ఆకాశం చూడ్డానికి అన్నాడు, నన్ను భుజాల మీదికి ఎత్తుకుని ఆ కంతలోంచి తల బయట పెట్టించాడు, ముక్కు చలికి పగిలిపోయింది, నాకు చాలా సంతోషంగా అనిపించింది. అది అసలు ఎందుకో ఐనర్ చాలా ఏళ్ళకి చెప్పాడు. బండి మంచులోకి దిగిపోతే పక్క తలుపులు నీళ్ళు తెరవనీయవు, పైకి ఎక్కడానికి అదొక్కటే దారి. చెప్పి నవ్వాడు. నేను నవ్వలేదు. ఇప్పుడు అవన్నీ ఆలోచించకు. ఫైలు చూడు. ఫైలు.

ఫైలు కనబడుతోంది, అదే విడ్డూరం. పేరు కనబడుతోంది, పరిమాణం కనబడుతోంది, పది నిమిషాల కిందట దాంట్లో కొత్త వరస పడిందని కూడా కనబడుతోంది. అంటే తీగలు బాగున్నాయి, షెడ్డు మేలుకునే ఉంది, నిజం అక్కడ రాసే ఉంది. గాజు సీసాలో మిఠాయి ఉంది, మూత మాత్రం రాదు. ఫైలు పక్కన యజమాని అన్న చోట నా పేరు ఉండాలి. కొవల్చుక్ అని ఉంది. కొవల్చుక్ మా టీచరు. అదిగో, అటు తిరిగి ప్రింటరులో ఇరుక్కున్న కాగితాన్ని గోళ్ళతో లాగుతోంది. నా ఫైలు మీద ఈవిడ పేరెందుకు. అడగాలి. అడగడానికి లేచి ఆరు బల్లలు దాటి వెళ్ళాలి, వాటి దగ్గర పిల్లలున్నారు, వాళ్ళు తలలెత్తుతారు. మాట గొంతు దగ్గరకొచ్చి చాపలా చుట్టుకుంటుంది. డైరీలో అయితే నేను అందరితోనూ పూర్తి వాక్యాల్లో మాట్లాడతాను. డైరీలో నేను చాలా తెలివైన మాటలంటాను. లేచాను.

"టీచర్, షెడ్డు కంప్యూటర్లో మీరేమైనా మార్చారా?"

"నేనా? ఈ ప్రింటరుకే నేనంటే గిట్టదు, షెడ్డు దాని జోలికెందుకు పోతానమ్మా. ఏం, పాడైందా?"

"లేదు టీచర్. ఊరికే."

ఊరికే. ఎప్పుడూ ఇదే మాట. ఇల్లు కాలుతున్నా ఊరికే అంటానేమో. టీచరుకి చెబితే ఏం పోయేది? అయ్యో అని కంగారుపడేది, నలుగురినీ పిలిచేది, నలుగురూ నా వెనక నిలబడి తెర వంక చూసేవాళ్ళు. ముందు బాగుచేసేస్తాను, తరువాత చెబుతాను, లేదా ఎవరికీ చెప్పక్కర్లేకుండానే అయిపోతుంది. నా ఆలోచన ఎప్పుడూ ఇలాగే నడుస్తుంది. ఎవరితోనూ మాట్లాడకుండా అయిపోయే దారి ఒకటి ఎక్కడో ఉంటుందని.

పోయిన వారం షెడ్డు డిస్కు చెడిపోతే బాల్డర్ బాబాయి సిటీ నుంచి ఒకాయన్ని పిలిపించాడు. ఆయన కొత్త డిస్కు వేసి, పాత ఫైళ్ళు ఎక్కించి, అందరి ఖాతాలూ మళ్ళీ తెరిచి, మా అమ్మ ఇచ్చిన వేయించిన పికరెల్ చేప తిని వెళ్ళిపోయాడు. అన్నీ ముందులాగే పెట్టాను అన్నాడట. ముందులాగే అంటే ముందులాగే ఉండాలిగా. ఆ ఫైలుని అందరూ చదవచ్చు అని మార్చబోయాను, యజమాని కాని వాళ్ళు మార్చకూడదంది. పై ఫోల్డరు చూశాను, తలుపు తెరిచే ఉంది. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాను, ఆ ఆపి పెట్టడానికే ఎంతసేపు పట్టిందో, లోపల ఫ్యాను ముసలి కుక్కలా మూలిగింది. అధికారి సంకేతపదం టీచరు నాకెప్పుడో ఇచ్చింది, దాంతో ఈ కంప్యూటరుకి నేనే అధికారినై అడిగాను. దానికి షెడ్డు ఇంకా కటువుగా మాట్లాడింది. నీ ఇంట్లో నువ్వు అధికారివి కావచ్చు, ఇక్కడ ఎవరివీ కావు, పో అన్నట్టు. కళ్ళలో నీళ్ళొచ్చాయి. కోపం వచ్చినా నాకు కన్నీళ్ళే వస్తాయి, అదింకో చిరాకు. సమీకరణాలు, చందమామ దశలు, అన్నీ మొదటిసారికే అర్థమయ్యే నాకు ఈ రెండు పెట్టెలు ఒకదానితో ఒకటి ఏం మాట్లాడుకుంటున్నాయో అర్థం కావడం లేదు. నేనెవరో అక్కడ తెలుసు, ఇక్కడ తెలుసు. మధ్య దారిలో ఏమైపోతున్నాను?

నాన్నకి పంపిన సందేశం పక్కన చేరినట్టు గుర్తు పడలేదు. గుడిసె దగ్గర గాలిని బట్టి సిగ్నలు వస్తుంది, పోతుంది. బాల్డర్ బాబాయి పన్ను పీకించుకోడానికి సిటీకి వెళ్ళాడు, షెడ్డుకి తాళం. గడియారం మూడుకి పావు తక్కువ. నాన్న ఈపాటికి చేతిజోళ్ళు తొడుక్కుంటూ ఉంటాడు, ఐనర్ మంచుబండి ముందు భాగం మీద బూటుతో తన్ని మంచు రాలుస్తుంటాడు. పేజీ ఇప్పుడు చూస్తాడా, చూసేశాడా? ఈ సంగతి చెప్పాలంటే ఒకటే దారి ఉంది. ఆఫీసు గదిలో బడి బస్సు కోసం పెట్టిన రేడియో సెట్టు. సరస్సు మీది వాళ్ళంతా అదే ఛానెల్లో మాట్లాడుకుంటారు. దాంట్లో ఒకరికి చెబితే అందరికీ చెప్పినట్టే. ఏమని చెప్పను? మంచు పలచబడిందనా? పలచబడిందో లేదో తెలియదు. పలచబడకపోతే, ఇరవై రెండే ఉంటే, స్టెఫాన్ కూతురు కంప్యూటరు చూసి జడుసుకుంది అని వేసవి దాకా చెప్పుకుంటారు, చేపల వేలం దగ్గర, చర్చి మెట్ల మీద, ఐనర్ స్నేహితులైతే పాట కడతారు. ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం. ఇంకొక్కసారి. అనుమతి లేదు. తెర మీద వేలు పెట్టి ఆ మాటని చెరిపెయ్యాలనిపించింది. మూడో కొమ్మ నా అనుమతి కోసం ఆగదు. అలా అనుకున్నానో, కాళ్ళే ముందు లేచాయో చెప్పలేను, నడవాలో ఉన్నాను, చూరు నీళ్ళు కిటికీ అవతల కారుతున్నాయి, ఆఫీసు తలుపు తోశాను.

ఆఫీసు పనులు చూసే డెనెకా గారు కాగితాలకి పిన్నులు కొడుతూ రేడియో వింటోంది, రోజంతా వింటుంది, ఆవిడకదే కాలక్షేపం. నన్ను చూసి ఒంట్లో బాగాలేదా అంది. నేను రేడియో వైపు చెయ్యి చూపించాను. ఆవిడ ఏమనుకుందో ఏమో, మైకు నా వైపు జరిపింది. దాని మీద ఆవిడ లిప్‌స్టిక్ రంగు అంటుకుని ఉంది. బొత్తాం నొక్కితే సరస్సంతా ఒక్కసారి చెవి పెట్టినట్టు నిశ్శబ్దం అయింది.

"నాన్నా. నేను, ఎల్వాని. బయలుదేరకండి."

గరగర శబ్దం. తరువాత నాన్న గొంతు, గాలిలో. "ఏంటమ్మా? అమ్మ బాగానే ఉందా?"

"బాగానే ఉంది. పేజీలో అంకె తప్పు నాన్నా. అది పోయిన వారంది."

"మరివాళ ఎంతుంది?"

"తెలీదు."

"తెలీదంటే?"

"అందట్లేదు నాన్నా. నాకు తెలీదు." ఆ మాట బయటికొచ్చాక వింతగా ఏమీ కాలేదు. ముఖం మాత్రం హీటరు పక్కన ఉన్నట్టు కాలింది.

తరువాత నాన్న అక్కడే ఎవరితోనో అంటున్నట్టు వినబడింది, "ఐనర్, ఇంజినాపు." ఊపిరి వదిలాను. వదిలీ వదలకముందే ఇంకో గొంతు దూరింది, లారస్ తాతది, సరస్సు మీద అందరికంటే పెద్దవాడు, ఎవరికీ లోబడని వాడు. వెనక ఇంజిను రొద. తాత ఆగలేదు. ముందే బయలుదేరిపోయాడు.

"స్టెఫాన్, నీ కూతురు తెలీదంటోంది, నువ్వు ఆగిపోతున్నావ్. తెలీదన్న మాట మీద బండ్లాపుకుంటే నేను పెళ్ళి కూడా చేసుకునేవాణ్ణి కాను. నాలుగో కొమ్మ దాటాను. బాగానే ఉంది."

"మావా, ఆగు కాసేపు" అన్నాడు నాన్న.

"ఎందుకాగాలి? నెంబరు చూసి బయలుదేరమన్నారు, బయలుదేరాను. ఇప్పుడు నెంబరు తప్పంటారు. మీ నెంబర్ల సంగతి నాకు తెలీదా? అప్పుడు బాల్డర్ చేపల తొట్టెలన్నిటికీ మన పేర్ల అక్షరాల వరసలో కొత్త నెంబర్లు వేయించాడు, నా పికరెల్ అంతా వారం పాటు నీ పేరున ఎక్కింది. ప్లాంటులో వాళ్ళకి లారస్ ఎవడో స్టెఫాన్ ఎవడో ఏం ఎరుక, తొట్టె మీద నెంబరు తప్ప. మంచు దగ్గర కూడా అదే తంతా?"

డెనెకా గారు నవ్వింది. నేను మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాను. తొట్టె మీద నెంబరు తప్ప. అక్షరాల వరసలో. చేపల ప్లాంటు మెట్ల మీద నాన్న తొట్టె, దాని మీద ఎర్ర రంగుతో అంకె, లోపల లారస్ తాత చేపలు, ఎవరి మీదా తప్పు లేదు, రాసినవాడి వరస మారింది, అంతే. సిటీ ఆయన అందరి ఖాతాలూ మళ్ళీ తెరిచాడు. ఏ వరసలో తెరిచాడు? బాల్డర్, డోరా, ఎల్వా, ఇంగ్లిషు అక్షరాల వరసలో అయితే అలా. ఇదివరకు చేరిన వరసలో ఉండేది, బాబాయి తరువాత నేనే, డోరా పిన్ని ప్యాకింగుకి తరువాత వచ్చింది. కంప్యూటరు ఖాతాలకి తెరిచిన వరసలో అంకెలిస్తుంది, షెడ్డులో ఇప్పుడు నేను మూడు. బడిలో నేను రెండు, టీచరు మూడు. పిలుపు మధ్య దారిలో పేరు మోసుకెళ్ళదు. అంకె మోసుకెళుతుంది. నేను ఇక్కణ్ణుంచి రెండుగా వెళితే అక్కడ డోరా పిన్ని వచ్చిందనుకుని తలుపు వేస్తోంది. అక్కడి నా ఫైలుకి మూడు అని ఉంటే ఇక్కడ టీచరు పేరు చూపిస్తోంది. రెండు పెట్టెలూ నిజమే చెబుతున్నాయి, వారం పాటు నిజమే చెబుతూ నన్ను చంపాయి. మైకు బల్ల మీద పడేసి పరిగెత్తాను. నడవాలో పరిగెత్తకూడదని గోడ మీద రాసి ఉంది, లైబ్రరీలో పిల్లలు తలలెత్తారు, ఎత్తనీ.

కుర్చీలో కూర్చోలేదు. నిలబడే అధికారిగా లోపలికెళ్ళి, అక్కణ్ణుంచి కొవల్చుక్ వేషం వేసుకున్నాను. టీచరు నా పక్కకొచ్చి నిలబడింది, ఏంటమ్మా అంటోంది, మీ పేరు ఒక్క నిమిషం వాడుకుంటున్నాను టీచర్ అన్నాను, అన్నది నేనేనా. ఫైలు తెరువు. చివరి వరస చదువు. ఈసారి అది ఏ గొడవా చేయలేదు. ఎప్పుడూ అడ్డం పడనట్టే, ఇన్ని గంటలూ నేనే తప్పు తలుపు కొట్టినట్టే, అయిదు అంకెలు తెచ్చి నా ముందు పెట్టింది. మూడోది చదివాను. మళ్ళీ చదివాను. వేలు పెట్టి చదివాను, చిన్న పిల్లల్లా. టీచరు కూడా చదివి నా భుజం పట్టుకుంది, ఆవిడ కూడా ఈ సరస్సు పక్కనే పుట్టింది.

మళ్ళీ పరిగెత్తి వచ్చేసరికి ఆఫీసులో రేడియో ఇంకా ఏదో అంటోంది, తాత దేనికో నవ్వుతున్నాడు. మైకు అందుకున్నాను. బొత్తాం నొక్కాను.

"లారస్ తాతా, మూడో కొమ్మ దగ్గర తొమ్మిది."

ఇంజిను రొద మాత్రమే వచ్చింది.

"తొమ్మిది అంగుళాలు తాతా. ఇప్పుడే చదివాను. పావుగంట కిందటి అంకె. ఆగండి."

డెనెకా గారి చేతిలో పిన్నుల యంత్రం తెరిచినట్టే ఉండిపోయింది. టీచరు తలుపులో నిలబడింది. రొద అలాగే సాగింది, ఎంతసేపో నేను చెప్పలేను, నాన్న మావా మావా అంటున్నాడు, ఒకరు బొత్తాం నొక్కితే ఇంకొకరిది వినబడదు కదా, ఇద్దరూ ఒకేసారి నొక్కుతున్నారేమో, ఎవరిదీ పూర్తిగా రావడం లేదు. తరువాత రొద సన్నబడింది. ఆగింది. గాలి మాత్రం వినబడింది, సరస్సు మీది గాలి, ఆఫీసు గదిలోకి.

"కొమ్మ కనబడుతోంది" అన్నాడు తాత. గొంతులో వెక్కిరింత లేదు. "దాని మొదట్లో మంచు రంగు నాకు నచ్చలేదు. నల్లబడింది." మళ్ళీ గాలి. "స్టెఫాన్, మీ గుడిసెలో కాఫీ ఉందా?"

"పెట్టిస్తాను రా మావా."

"వస్తాను. ఆ పిల్ల ఉందా అక్కడ?"

"ఉన్నాను తాతా."

"బండి తిప్పుతున్నా. వెనక్కి నాలుగో దాని మీదుగానే పోవాలి. అదెంత?"

తెర మీద చూసిన అయిదు అంకెలూ ఇంకా కళ్ళ ముందే ఉన్నాయి. "పదిహేడు."

"ఐదోది?"

"ఇరవై ఒకటి."

"ఊఁ. మెల్లగా పోతాను. వెళ్ళిపోకు, అక్కడే ఉండు."

డెనెకా గారు తన కుర్చీ ఖాళీ చేసి నా వెనక్కి జరిపింది. కూర్చున్నాను.